కుంకుమ పెట్టిన టిక్కెట్టు

మా ఊళ్లో పెద్ద హీరో సినిమా వస్తుందంటే టిక్కెట్టు కోసం మనం పోనక్కరలేదు, అదే మన దగ్గరికి వస్తుంది. స్టీలు పళ్లెంలో, రెండు తమలపాకుల మీద, మూలన కుంకుమ బొట్టుతో వస్తుంది. పెళ్లిపత్రిక ఎలా ఇస్తారో అలాగే ఇస్తారు. "రేపు పొద్దున ఆటకు తప్పకుండా రావల్లప్పా" అని చెప్పి, మనం రెండు చేతులతో అందుకునేదాకా కదలరు. నందికొట్కూరులో ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, మా వీధుల్లో నడిపించేది మాత్రం మా బావ, అంటే నా భార్యకు అన్న. ఆయన ఒక పెద్ద హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడు. మొదటి రోజు మొదటి ఆట మొత్తం సంఘమే తీసుకుని అంగళ్లకూ బంధువులకూ పంచుతుంది. తీసుకున్నవాడు మనవాడు. తీసుకోనివాణ్ని ఎవరూ ఏమీ అనరు. ఆ వారం వాడి అంగడి బోర్డు కనపడకుండా హీరో ఫ్లెక్సీ ఒకటి కడతారు, అంతే.

నాది ఈ ఊరు కాదు. కడప జిల్లాలో తుమ్మలపల్లె అవతల ఒక పల్లె మాది. పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి విత్తనాలు, పురుగుమందుల అంగడి పెట్టుకున్నాను. అంగడి ఉన్న గది మా బావది. మేముండే ఇల్లు మా బావ ఇంటి వెనక వీధిలో ఉంది. ఏ పైరుకు ఏ మందు అమ్మాలో కంపెనీవాళ్లు చెప్తారు, ఓటు ఎటు వేయాలో మా బావ చెప్తాడు, గుండు ఎప్పుడు కొట్టించుకోవాలో మొక్కు చెప్తుంది. ఇక నాది అని చెప్పుకోడానికి మిగిలింది ఒకటే. సినిమా చూసి బయటికి వచ్చాక అది బాగుందా లేదా అని నాకు తోచేది. అది కూడా పూర్తిగా నాది కాదని తర్వాత తెలిసింది, ఆ సంగతికి వస్తాను.

మా ఆవిడకు సినిమా అంటే ప్రాణం. కానీ మొదటి రోజు ఆటకు రాదు. ఆ ఈలలు, ఆ కాగితాల ముక్కలు, ముందు సీటు మీద కాళ్లు పెట్టి నిలబడేవాళ్లు, ఇవన్నీ ఆమెకు పడవు. శుక్రవారం నేను చూసొచ్చి చెప్తే, దాన్నిబట్టి ఆదివారం ఇద్దరం కర్నూలు పోయి చూసేవాళ్లం, లేదా మానేసేవాళ్లం. చూసొచ్చిన రోజు సాయంత్రం అసలు సినిమా మా వంటింట్లో మొదలయ్యేది. ఆమె జొన్నరొట్టెలు తట్టుతూ ఒక్కొక్క సీనూ విప్పేది. నేను గడప మీద కూర్చుని వింటూ, నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకునేవాణ్ని. ఆ రొట్టెల చప్పుడూ ఆ మాటలూ కలిసి వింటుంటే నాకు ఈ ఊళ్లో ఏ లోటూ ఉన్నట్టు అనిపించేది కాదు.

ఆమధ్య ఒక దెయ్యం సినిమా వచ్చింది. అద్దెకు దిగినవాళ్లే దెయ్యాన్ని భయపెడుతుంటారు. మొదటి సగం హాలంతా పగలబడి నవ్వింది. రెండో సగంలో దెయ్యం తను ఎందుకు చచ్చిందో చెప్పడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆపలేదు. "దెయ్యానికి గూడా ఫ్లాష్‌బ్యాకు కావల్లనా? సచ్చింది కదా, సుకంగా ఉండనీరా" అంది మా ఆవిడ. ఇంకొకటి రాజుల సినిమా. వెయ్యి ఏనుగులు పరుగెత్తుతుంటాయి, చూస్తే అన్నీ ఒకే ఏనుగు. మూడు గంటలు కూర్చున్నాక, మిగతాది రెండో భాగంలో చూడమన్నారు. "బోజనానికి పిలిసి, పప్పేసి, అన్నం వచ్చే ఏడు పెడ్తామన్నట్టుండాది" అంది. ఏ పత్రికలోనూ నేను అంత సరైన మాట చదవలేదు.

మంచి సినిమా అయితే ఆమెకు మాటలు ఉండేవి కావు. బోరుబండి మీద పనిచేసే డ్రైవరు కథ ఒకటి వచ్చింది, ఎవరో కొత్తవాళ్లు తీసింది. మా ఊరికి రానేలేదు, కర్నూల్లో ఆడింది కూడా మూడు నాలుగు రోజులే. హాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి ఉన్నాం. ఒక్క పాట లేదు, అస్తమానం బండి మోత. నీళ్లు పడ్డాయో లేదో చివరికి కూడా చూపించరు. బోరు వేయించుకున్న రైతు భార్య ముఖం చూపించి ఆపేస్తారు, అంతే. తిరుగు బస్సులో మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ "ఆ యమ్మ మొగం చూసినారా?" అంది. ఆ రాత్రికి సినిమా ముచ్చట అంతే. ఆమె దగ్గర అంతకు మించిన మార్కులు లేవు.

ఇక సీమ సినిమాలు. కొడవళ్లు, సుమోలు, తెల్లచొక్కాలు, ఎర్రదుమ్ము. హైదరాబాదులో ఏదైనా పెళ్లిలో నాది కడప అని చెప్తే పక్క కుర్చీవాడు అర అడుగు జరుగుతాడు. నేను దీపావళికి చిచ్చుబుడ్డి కూడా దూరం నుంచి అగరబత్తితో అంటించే మనిషిని. సినిమావాళ్లు మమ్మల్ని చూసి తీస్తారో, మావాళ్లు సినిమా చూసి అలా తయారవుతారో చెప్పలేను. మా బావ తెల్లచొక్కా ఇస్త్రీ మడత మాత్రం హీరో చొక్కా కంటే ఒక పిసరు ఎక్కువే ఉంటుంది. ఇలాంటి సినిమా ఒకటి టీవీలో చూస్తూ మా ఆవిడ అన్న మాట ఇది. "ఈ సినిమాల్లో మన సీమోళ్లు అన్నం తినరా? పొద్దున లేసినకాడి నుంచి నరుక్కుంటానే ఉంటారు. కొడవలి పట్టుకున్నోడు ఒక్కడన్నా గడ్డి కోస్తాడేమోనని చూస్తాండా." ఆ మాటకు నేను నవ్విన నవ్వుకు పక్కింటివాళ్లు తొంగిచూశారు.

అలా ఉండగా, మొన్న వానాకాలం మొదట్లో మా బావగారి హీరో సినిమా వచ్చింది. పళ్లెం వచ్చింది, కుంకుమ టిక్కెట్టు అందుకున్నాను. మొక్కజొన్న విత్తనాలకు రైతులు ఎగబడే రోజులు, పొద్దున్నే అంగడి తెరవాలి. అయినా తెల్లవారుజామున లేచి పోయాను. థియేటరు ముందు పాలాభిషేకం, డప్పులు, గుమ్మడికాయలు. సినిమా గురించి న్యాయంగా చెప్పాలంటే పూర్తిగా చెడ్డది కాదు. మొదట్లో రైలుకట్ట పక్కన పొద్దుపొడిచే సీను చాలా బాగా తీశారు. హీరో తల్లిగా వేసినామె మాట లేకుండా కళ్లతోనే నెట్టుకొచ్చింది. తక్కినదంతా మామూలే. హీరో నడవడానికి అరగంట, తిరగడానికి అరగంట, హీరోయిన్ రెండు పాటలకు వచ్చి ఇంటికి పోతుంది. హీరో నరికినవాళ్లు గాల్లో లేచి కింద పడేలోగా నేను ఒక కునుకు తీశాను. ఊరి పేరు మాత్రం మాదే పెట్టారు, మట్టికి రంగు వేసి.

బయటికి రాగానే ఎండ కళ్లలో కొట్టింది. కర్నూలు నుంచి వచ్చిన ఒక చానెల్ మనిషి మైకు మూతి దగ్గర పెట్టి "ఎట్లుందన్నా సినిమా?" అన్నాడు. నా ముందు మాట్లాడినవాళ్లంతా చొక్కాలు చింపుకునేటట్టు అరిచి పోయారు. నేను ఏమీ ఆలోచించలేదు. నోరు తెరిస్తే ఆ మాట దానంతట అదే వచ్చేసింది.

"ఏముందప్పా, ఈ సినిమాల్లో మన సీమోళ్లు అన్నం తినరా? పొద్దున లేసినకాడి నుంచి నరుక్కుంటానే ఉండారు. కొడవలి పట్టుకున్నోడు ఒక్కడన్నా గడ్డి కోస్తాడేమోనని మూడు గంటలు చూసినా."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. సంఘం కుర్రాళ్లు కూడా నవ్వి, తర్వాత గుర్తొచ్చి ఆపుకున్నారు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఈ ఊరికి వచ్చాక నలుగురిలో నేను ఒక మాట అనడం, దానికి జనం నవ్వడం అదే మొదటిసారి. ఆ ఊపులో అంగడికి నడిచిపోయాను, బండి థియేటరు దగ్గరే మరిచిపోయి.

మధ్యాహ్నానికి ఆ ముక్క అందరి ఫోన్లలోకీ ఎక్కింది. ఎవడో దానికి వెనకాల మేకపిల్ల అరుపు కూడా కలిపాడు. భోజనానికి ఇంటికి పోయేసరికి మా ఆవిడ ఫోను చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడి ఉంది. "ఎట్లుండాది నా మాట?" అన్నాను గర్వంగా. ఆమె ఫోను బోర్లించి కంచం తీసింది. "అన్నం తినండి" అంది. భర్త నలుగురి నోళ్లలో పడ్డాడని సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాను. పుంటికూర పప్పు ఆ రోజు మరీ బాగుందని కూడా చెప్పాను.

మరునాడు మా బావ అంగడికి వచ్చాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. అదే ఆయనతో చిక్కు. స్టూలు లాక్కుని కూర్చుని, నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఒంట్లో బాగలేదా బావా?"

"బాగానే ఉండా బావా."

"కాదులే. నిద్ర చాల్లేదు నీకు. తెల్లారక ముందు లేసి పోతివి, సినిమా సరిగ్గా చూడల్యా. తీరుబాటుగా ఇంగోసారి చూడు." అలా అంటూ జేబులోంచి టిక్కెట్టు తీసి విత్తనాల డబ్బా మీద పెట్టాడు. దాని మూలన కుంకుమ ఇంకా తడిగా ఉంది.

వద్దనొచ్చు కదా అని మీరు అనొచ్చు. మా వైపు కుంకుమ పెట్టి ఇచ్చింది ఏదైనా విస్తరితో సమానం. విస్తరి ముందు కూర్చున్నవాడు లేచిపోతే ఆకలి లేదని ఎవరూ అనుకోరు, ఆ ఇంటికి మంట పెట్టాడని అనుకుంటారు. అందులోనూ అంగడి గోడ ఆయనది, నా భార్య ఆయన చెల్లెలు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రెండో రోజు మధ్యాహ్నం ఆటకు పోయాను.

నన్ను వరస మధ్యలో కూర్చోబెట్టారు. ఎడమవైపు మా బావ, కుడివైపు సంఘం కార్యదర్శి. వాళ్లు తెరవైపు చూడలేదు, నావైపు చూశారు. తెర వెలుగు నా ముఖం మీద పడినప్పుడల్లా ఆ ముఖాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలిసేది కాదు. నవ్వితే ఎగతాళి అనుకుంటారు, ఊరికే ఉంటే పొగరు అనుకుంటారు. కొడవలి లేచినప్పుడల్లా మా బావ నా మోకాలి మీద చెయ్యి వేసి చిన్నగా నొక్కేవాడు. విశ్రాంతిలో సమోసాలు తెప్పించి "ఇప్పుడెట్లుండాది?" అన్నాడు. "మొదటి సగం ఫర్వాలేదు బావా" అన్నాను. "చూసినావా, చెప్తి కదా" అని ఆయన ఎంతో సంతోషపడ్డాడు. ఆ సంతోషం నిజమైనదే. అందుకే నాకు ఊపిరాడలేదు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. మా పక్క అంగడిలో మోటార్లు బాగుచేసే భాయ్ ఉన్నాడు. నాకు మంచి స్నేహితుడు, రంజాన్ వస్తే మొదటి గిన్నె మా ఇంటికే వస్తుంది. నాకూ మా బావకూ చెడుతుందేమోనని ఆయనకు దిగులు పట్టుకుంది. "మేరీ బాత్ సున్ అన్నా. లోపం సినిమాలో లేదు, నీ సీటులో ఉండాది. సౌండు మధ్యలో కూర్చుంటేనే తెలుస్తాది" అని తన దుడ్లతో టిక్కెట్టు కొని తీసుకుపోయాడు. ప్రేమతో చేసేదాన్ని కాదనలేం. మూడోసారి చూశాను. సౌండు బాగా తెలిసింది.

ఆ తర్వాత మా ఆవిడ చిన్నాన్న. మహానంది దర్శనానికి పోదాం రమ్మంటే, హమ్మయ్య, దేవుడి దగ్గరికైనా పోయొస్తాను అనుకున్నాను. కోనేట్లో మునిగాం, ఆ చల్లటి నీళ్లలో ఒక్క క్షణం ఆ సినిమానే మరిచిపోయాను. తిరిగి వచ్చేటప్పుడు నంద్యాలలో కారు ఆపారు. "ఈడ తెర పెద్దది. మీ ఊరి తెర మీద చూస్తే ఏం తెలుస్తాది అల్లుడా" అన్నాడు ఆయన. తల ఇంకా ఆరలేదు. థియేటరు తలుపులు మూస్తున్న చప్పుడు వినగానే వెనక్కి తిరిగాను. బయటికి పోయే దారి మీద వెలిగే ఎర్రదీపాన్నే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. లేచి పోవచ్చు, ఎవరూ కట్టెయ్యలేదు. లేచి ఎక్కడికి పోవాలి, మళ్లీ ఆ ఊరికే కదా.

ఇన్నిటికీ నేను తల వంచడానికి ఇంకో కారణం ఉంది, పెద్దది. ఆ శ్రావణంలో మా ఆవిడకు ఒడిబియ్యం పోయాలి. పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి, కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపడం మా దగ్గర చిన్న విషయం కాదు. ఆ బియ్యం పోస్తేనే ఆడమనిషికి వెనక ఒక ఇల్లు ఉన్నట్టు. ఉగాది రోజే ఆమె వదిన చెప్పింది, శ్రావణంలో పోస్తామని. రవిక కుట్టించుకుని బీరువాలో పెట్టుకుంది మా ఆవిడ. నా మాట ఫోన్లకు ఎక్కినప్పటి నుంచి ఆ ఇంటి నుంచి కబురు లేదు. ఆషాఢం అయిపోయింది. వాళ్ల వదిన పసుపుకొమ్ములు కొనుక్కుని మా ఇంటి ముందు నుంచే పోయింది, లోపలికి రాలేదు. మా ఆవిడ కిటికీలోంచి చూసి, ఏమీ అనకుండా బియ్యంలో రాళ్లు ఏరుకుంది. ఆమెకు తల్లీ తండ్రీ లేరు. ఆ అన్నే పుట్టిల్లు.

నా వల్లే ఇదంతా అని నాకు తెలుసు. మా బావ మళ్లీ ఒకసారి పిలిచినప్పుడు నేనే ముందుగా చొక్కా తొడుక్కున్నాను. సినిమాను ఇంకా సంఘమే పట్టుబట్టి ఆడిస్తోంది, హాలు సగం కూడా లేదు. ఈసారి ఒక విచిత్రం జరిగింది. తల్లి పాత్ర వేసినామె కొడుకు చెప్పులు ఎండలోంచి తీసి నీడలో పెట్టే సీనులో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. హీరో సుమో దిగినప్పుడు నా చేతులు వాటంతట అవే చప్పట్లు కొట్టాయి, చుట్టూ ఎవరూ కొట్టకముందే. ఏ డైలాగు తర్వాత ఏది వస్తుందో నా పెదవులకు తెలుసు. సినిమా నిజంగా బాగుందేమో, మొదట నేనే సరిగ్గా చూడలేదేమో అనిపించింది. అది నాకు నచ్చిందో, అలవాటైపోయిందో తేల్చుకోలేకపోయాను. అంతకు మించిన భయం నాకు ఎప్పుడూ వేయలేదు. నాదని చెప్పుకున్న ఒక్కటి కూడా చేతిలోంచి జారిపోయింది, ఎవరూ లాక్కోకుండానే.

బయట అదే చానెల్ మనిషి మైకుతో ఉన్నాడు. మా బావే పిలిపించాడు.

"మొదటి రోజు నేను సరిగ్గా చూడల్యా. సినిమా శానా బాగుండాది" అన్నాను. అబద్ధం చెప్పినట్టు కూడా అనిపించలేదు.

మరునాడే ఒడిబియ్యానికి రోజు చెప్పి పంపారు. ఆ వచ్చే శుక్రవారం ఇల్లంతా మామిడాకులు, బంతిపూలు. మా ఆవిడ ఆకుపచ్చ పట్టుచీరలో పీట మీద కూర్చుంది. వాళ్ల వదిన దోసిళ్లతో బియ్యం పోస్తుంటే ఒడి పట్టుకుని తల వంచుకుంది. ఆమె ముఖం వెలిగిపోతోందని నాకు అనిపించింది. చూశావా, ఎన్నిసార్లు చూస్తే ఏం, దీని కోసమే కదా అనుకున్నాను. మాంసం లేని భోజనమైనా కడుపు నిండా తిన్నాను.

తాంబూలం ఇస్తూ మా బావ నన్ను వసారాలోకి తీసుకుపోయాడు. మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అన్నాడు.

"నీ మీద నాకెప్పుడూ కోపం లేదు బావా. ఆ మాట నీదని మొదటి రోజు గూడా అనుకోలేదు."

"మరి?"

"అది నా చెల్లెలు మాట. పదేండ్ల పిల్లప్పుడు గూడా అంతే. మా నాయన ఏదన్నా గొప్పగా చెప్తాంటే పొయ్యికాడి నుంచి ఒక్క మాట ఇడుస్తాండె, ఇల్లంతా నగుతాండిరి. నాయనకు మొగం చెల్లకపోతాండె. పెండ్లయినాక మానేసిందనుకుంటి. నీ నోట్లో నుంచి ఇనపడేసరికి తెలిసిపాయ, ఇంగా మాన్లేదని."

ఆయన వక్క నములుతూ చెప్పుకుపోయాడు.

"ఆ పొద్దే ఫోన్ చేసి చెప్పినా ఆమెకు. ఊర్లో మనకొక మర్యాద ఉండాది తల్లీ, ఇంట్లో మాట ఇంట్లోనే ఉండల్ల, ఉండేటట్టు లేకపోతే ఇంట్లో గూడా వద్దు అని. సరే అన్నా అనింది. మంచి పిల్ల. నువ్వేం మనసులో పెట్టుకోవాకు, నిన్ను సినిమాకు పిల్చిందంతా ఊరి కోసం."

ఆ పొద్దే. అంటే నేను అంగడిలో నవ్వుకుంటూ కూర్చున్నప్పుడే. నేను ఇంటికి పోయి ఎట్లుండాది నా మాట అని అడిగేటప్పటికే ఆమె ఫోను మాట్లాడి పెట్టేసి ఉంది. ఇన్ని వారాలూ నన్ను థియేటర్లలో కూర్చోబెట్టారని నేను కుమిలిపోతున్నాను, ఇంట్లో ఆమె నోరు కట్టుకుని రొట్టెలు తట్టింది, నేను గమనించనే లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఈ మధ్య గడప మీద కూర్చుని నేనే మాట్లాడుతున్నాను. ఆ హాల్లో సీట్లు ఎంత ఇరుకో, నాకెంత కష్టమో అని. ఆమె ఊఁ కొడుతోంది. నా మీద నాకు పట్టలేని కోపం వచ్చింది. మా బావ మీద రావాల్సింది కూడా అంతా నా మీదికే వచ్చింది, ఎందుకంటే ఆయన ఆ మాట కూడా ఎంతో ప్రేమగా చెప్పాడు.

మరునాడు ఆడవాళ్లంతా కలిసి ఆ సినిమాకే పోయారు. మా ఆవిడ కూడా ఒడిబియ్యం చీరలోనే పోయింది, వాళ్లన్న కారు పంపాడు. నేను అంగడి తొందరగా మూసి ఇంటికి వచ్చాను. ఆమె వచ్చేసరికి టీ కాచి పెట్టాను. గడప మీద కూర్చున్నాను. ఆమె చీర మార్చుకుని వచ్చి పిండి కలపడం మొదలుపెట్టింది.

"ఎట్లుండాది?" అన్నాను.

"బాగుండాది."

ఇంకా ఏదో వస్తుందని చూశాను. రొట్టె తట్టే చప్పుడే వచ్చింది.

"ఈడ ఎవరుండారు, మనిద్దరమే కదా. నిజం చెప్పు."

"మీతో చెప్తే ఈడ ఉంటాదా?" అంది. కోపంగా అనలేదు. పెనం మీద రొట్టె తిప్పుతూ, ఉప్పు చాలిందా అని అడిగినట్టే అంది.

ఇంకెప్పుడూ ఎక్కడా అననని చెప్పాను. మహానంది దేవుడి మీద ఒట్టు వేశాను. మీ అన్నతో నేను మాట్లాడతానని కూడా అన్నాను. ఆమె భుజం మీద చెయ్యి వేయబోతే "పిండి చేతులు, జరగండి" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమె నోరు ఇప్పుడు చాలా మంచిదైపోయింది, ఊరంతా మాతో బాగుంది. మా బావ పండక్కి ముందే పిలుస్తున్నాడు. వాళ్ల వదిన రోజు విడిచి రోజు వచ్చి పోతోంది. వీటిలో దేన్నీ వదులుకోమని ఆమెను అడగడానికి నాకు నోరు రాదు.

ఆ తర్వాత చాలా సినిమాలు వచ్చాయి. కర్నూలు పోయి చూస్తాం, ఇంట్లో ఓటీటీలో చూస్తాం. రాజుల సినిమా రెండో భాగం వచ్చింది, ఈసారి ఏనుగుల బదులు ఒంటెలు, అన్నీ ఒకే ఒంటె. నేను ఆశగా ఆమెవైపు తిరిగాను. బాగుండాది అంది. బోరుబండి సినిమా ఓటీటీలోకి వస్తే మళ్లీ పెట్టాను. చివరి సీనులో ఆమె చేతిలోని చిక్కుడుకాయ ఒలవకుండా అలాగే ఆగిపోయింది, ఆ ఆడమనిషి ముఖం తెర మీద ఉన్నంతసేపూ. అయిపోయాక ఏమంటుందోనని టీవీ కట్టేశాను. దానికీ అదే మాట. మంచిదానికీ చెడ్డదానికీ అదే కొలత. ఇప్పుడు ఏ సినిమా ఎట్లా ఉందో నా అంతట నాకు అంతుపట్టదు, ఆమె లేకుండా నాకు చూడటం రాదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఒక సినిమా పెట్టాను. అంత నాసిరకం సినిమా ఈ ఏడాదిలో రాలేదు. ఉద్దేశపూర్వకంగానే పెట్టాను. ఇది చూసైనా ఒక మాట అనకుండా ఉండలేదని. హీరో విమానం రెక్క మీద నిలబడి పాట పాడుతుండగా ఆమె తలగడ మీదికి ఒరిగింది. కాసేపటికి సన్నగా గురక వినిపించింది. పేర్లు పడుతుంటే లేచి కూర్చుని జుట్టు ముడి వేసుకుంది.

"ఎట్లుండాది?" అన్నాను.

"బాగుండాది."

"సగం సినిమా నిద్రపోయినావు కదా."

"నిద్రలో గూడా బాగుండాది" అంది.

పాత మనిషి నోరు తెరిచిందనుకుని, పొట్ట పట్టుకుని నవ్వబోయి ఆమె ముఖం చూశాను. ఆమె నవ్వడం లేదు.